మద్దిలేటికి దారుజలం

నాపగుట్ట ఊళ్ళో కుళాయి తిరగాలంటే కాలవలో నీళ్ళుండాలి, మోటారుకు కరెంటుండాలి, మద్దిలేటికి కోపం రావాలి. మొదటి రెండూ ఉన్నా మూడోది లేకపోతే ఒక్క బిందె నిండేది కాదు.

మద్దిలేటి మా పురపాలక సంఘంలో నీటి విభాగం సీనియర్ అసిస్టెంటు. పొట్టి మనిషి. పొద్దున ఆఫీసుకు రాగానే సంచి కుర్చీకి తగిలించి, కూర్చోకుండానే ఫోను తీసేవాడు. అవతల పంపుహౌసులో బజారి.

"ఏమిరా బజారీ, ఇంగా పండుకోనే ఉండావా? ఊరంతా బిందెలు పట్టుకోని నిలబడుకోని ఉంటే నీకు నిద్రెట్ల పడతాదిరా? నేను రావల్నా ఆడికి? వస్తే ఊరికే రాను!"

ఆ మాటలు బజారికి ఫోనులోంచి వినబడేవో, గాలిలోంచి వినబడేవో మాకు సందేహంగానే ఉండేది. మోటారు మాత్రం తిరిగేది. తర్వాత ట్యాంకర్ల కాంట్రాక్టరు కేశన్న వంతు. కేశన్న ట్యాంకర్లకు రాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీల దారి కంఠతా వచ్చు. పేటల దారి మాత్రం రోజూ మరిచిపోయేవి. మద్దిలేటి రోడ్డు మధ్యలో నిలబడి ఆ దారి గుర్తుచేసేవాడు. ఆ గుర్తుచేయడంలో కేశన్న తాతల ప్రస్తావన కూడా వచ్చేది.

నేను అదే ఆఫీసులో ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ చూసేవాణ్ణి. ఉత్తర్వులన్నీ నా చేతిమీదుగానే పోయేవి. కాబట్టి జరిగింది జరిగినట్టు చెప్పగలను.

ఎండలు ముదరక ముందు మా కమిషనర్ చిద్విలాస్ గారు ఏదో చల్లటి కొండ మీద శిక్షణకు వెళ్ళారు. శిక్షణ పేరు 'సంస్థాగత వ్యక్తిత్వ నిర్మాణం'. వెళ్ళేటప్పుడు మామూలుగానే వెళ్ళారు. వచ్చేటప్పుడు ఒక నీలం సీసాతోనూ, మృణ్మయి గారనే సలహాదారుతోనూ దిగారు. మరునాడే సిబ్బంది అందరినీ మీటింగు హాలుకు పిలిచారు.

"పాలన అనేది ఒక పరిమళం," అని మొదలుపెట్టారు కమిషనర్ గారు. "మన కార్యాలయానికి భవనం ఉంది, బోర్డు ఉంది, సిబ్బంది ఉన్నారు. లేనిది ఒక్కటే. వ్యక్తిత్వం. ఎవరికి వారికి విడివిడిగా వ్యక్తిత్వాలు ఉండటం వల్ల సంస్థకు ఒక వ్యక్తిత్వం లేకుండా పోయింది. ఈ లోటును భర్తీ చేయుటకై దీనిని ప్రవేశపెడుతున్నాం."

మృణ్మయి గారు సీసా మూత తీసి గాలిలోకి పిచికారీ చేశారు. ముందు వానకు తడిసిన తలుపు వాసన వచ్చింది. తర్వాత వట్టివేళ్ళు, దేవదారు చెక్క. కాసేపటికి అన్నిటి వెనకాల చల్లగా, ఎక్కడో ఏరు పారుతున్నట్టు ఒక తేమ వాసన తేలింది. అబద్ధం ఎందుకు, బాగుంది. నాపగుట్టలో ఏప్రిల్ నెలలో అంత చల్లటి వస్తువు మరొకటి లేదు.

"దీని పేరు దారుజలం," అన్నారావిడ, పసిబిడ్డను నిద్రపుచ్చే గొంతుతో. "దారు అంటే చెక్క. జలం మీకు తెలిసిందే. ఇది మగవారిది కాదు, ఆడవారిది కాదు, వ్యక్తిది. దీన్ని ధరించిన మనిషి చెట్టులా స్థిరంగా ఉంటాడు, నీటిలా లోతుగా ఉంటాడు. తొందరపడడు. గొంతు పెంచడు. అతని మౌనంలో ఒక అడవి ఉంటుంది. అతని చూపులో ఒక సముద్రం ఉంటుంది."

వెనక బెంచీలోంచి మద్దిలేటి లేచాడు. "అమ్మా, సముద్రము చూపులో ఉంటే ఏం లాభమమ్మా? కుళాయిలో ఉండల్ల గదా!"

హాలంతా నవ్వింది. మృణ్మయి గారు కూడా నవ్వారు. నవ్వుతూనే పుస్తకంలో ఏదో రాసుకున్నారు.

ఆ సాయంత్రమే ఉత్తర్వు వెలువడింది. రాసింది నేనే కాబట్టి మొదటి వాక్యం ఇంకా గుర్తుంది: 'ఇందుమూలముగా స్త్రీ పురుష సిబ్బంది యావన్మందికి తెలియజేయునది ఏమనగా, కార్యాలయ వేళలయందు ప్రతి ఉద్యోగియు దారుజల వ్యక్తిత్వమును ధరించి యుండవలెను.' ఖాళీగా ఉన్న పోస్టుల సంగతేమిటని అడిగాను. కమిషనర్ గారు చాలాసేపు ఆలోచించి, రేపు ఎవరైనా వచ్చి చేరితే వ్యక్తిత్వం సిద్ధంగా ఉండాలి కదా అని, ఖాళీ కుర్చీలకు కూడా పిచికారీ చేయించమన్నారు.

రోజూ పొద్దున గేటు దగ్గర మా అందరికీ మెడకు ఈ పక్క, ఆ పక్క పిచికారీ అయ్యేది. వారం తిరగకుండా మదింపు వచ్చింది. పరిమళ మదింపు సంఘంలో కమిషనర్ గారు, మృణ్మయి గారు, నేను. నన్నెందుకు వేశారంటే, ఆ వాసనకు అప్పటికే ఆఫీసులో అందరికీ జలుబు పట్టింది. ముక్కు పనిచేస్తున్నది నాదొక్కటే.

సంఘం ఒక్కో బల్ల దగ్గరికీ వెళ్ళి, వాసన చూసి, మనిషిని కాసేపు గమనించి మార్కులు వేసింది. దారు విభాగంలో స్థిరత్వానికి, జల విభాగంలో లోతుకు. మొదటి స్థానం ఇంజనీరింగ్ విభాగంలో ఎన్నాళ్ళుగానో భర్తీ కాని అసిస్టెంట్ ఇంజనీరు కుర్చీకి వచ్చింది. కదలలేదు, గొంతు పెంచలేదు, తొందరపడలేదు. దాని మౌనంలో అడవి ఉందని మృణ్మయి గారు స్వయంగా చెప్పారు. ప్రశంసాపత్రం ఫ్రేము కట్టించి ఆ కుర్చీ వీపుకే తగిలించాం.

మద్దిలేటి బల్ల దగ్గరికి మేం వెళ్ళే వేళకు ఆయన ఫోనులో కేశన్నతో మాట్లాడుతున్నాడు. మాట్లాడుతున్నాడనడం మర్యాద కోసం. కమిషనర్ గారు చెవులు మూసుకుని మార్కులు వేశారు. దారు సున్నా. జలం సున్నా. అభిప్రాయం: 'సదరు ఉద్యోగియందు అడవి గానీ సముద్రము గానీ కానరాలేదు. వడగాడ్పు కానవచ్చినది.'

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మద్దిలేటికి మేనేజరు ప్రమోషన్ రావలసి చాలా కాలమైంది. ఎప్పుడు లిస్టు తయారైనా ఆయన పేరు పక్కన 'నోటి దురుసు' అని పడేది. వెనక చేరినవాళ్ళు ముందుకు పోయేవాళ్ళు. తను పని నేర్పినవాళ్ళనే లేచి నిలబడి 'సార్' అనాల్సి వచ్చేది. రిటైర్మెంటు దగ్గరపడుతోంది. ఈసారి లిస్టు దారుజలం మార్కులను బట్టే తయారవుతుందని కమిషనర్ గారు ఆయనను గదిలోకి పిలిచి చెప్పారు.

గదిలోంచి బయటికొచ్చాక నన్ను టీ కొట్టుకు లాక్కుపోయాడు. గ్లాసు చేతిలో పట్టుకుని తాగకుండా కూర్చున్నాడు.

"అప్పా, నిజం చెప్పు. నా కాడ అడవి లేదా?"

"ఉంది గానీ, తగలబడుతున్న అడవి," అన్నాను.

ఆయన నవ్వలేదు. "నా కోపంతో నాకేం ఒరిగింది చెప్పు. ఊరోళ్ళకు నీళ్ళొచ్చె. నాకు నోటి దురుసని పేరొచ్చె. సుంకమ్మ ఒకతూరి అనింది, 'మేనేజరు పెండ్లామని నన్ను ఒక్కరన్నా పిలుస్తారేమో అనుకుంటి' అని. ఊరికే నవ్వులాటకే అనిందిలే. కానీ అది నాకు ఆడే గుచ్చుకోని ఉండాది." టీ చల్లారిపోయింది. "రేపట్నుంచి నేను కూడా చెట్టు మాదిరి ఉంటానప్పా. చూస్తావుండు."

అన్నంత పనీ చేశాడు. మరునాటి నుంచి గేటు దగ్గర మెడతో ఊరుకోక చంకలు, చొక్కా జేబు, చెవుల వెనక కూడా కొట్టించుకునేవాడు. కుర్చీలో నిటారుగా కూర్చునేవాడు. మాట్లాడే ముందు కిటికీలోంచి దూరంగా ఏదో చూసేవాడు. మాట వచ్చేసరికి అడిగినవాడు అడిగింది మరిచిపోయేవాడు.

మొదటి రోజు బజారికి ఫోను చేసి, "బజారీ, బాగుండావా నాయనా? మోటారు సంగతి నీ మనసుకు ఎట్ల తోస్తే అట్ల చెయ్యి," అని పెట్టేశాడు. బజారి బెదిరిపోయాడు. ఇదేదో కొత్త రకం తిట్టు అనుకుని రెండు రోజులు నిద్రాహారాలు మాని మోటారు ఆడించాడు. ఊళ్ళో కుళాయిలు పొంగిపొర్లాయి. దారుజలం ప్రభావానికి ఇంతకంటే రుజువేం కావాలని కమిషనర్ గారు పైకి రిపోర్టు పంపారు. మూడో రోజుకు బజారికి అది తిట్టు కాదని తెలిసింది. దుప్పటి కప్పుకున్నాడు.

కేశన్న తెలివైనవాడు. ఫోనులో నమ్మక, స్వయంగా చూసిపోదామని వచ్చాడు. తలుపు దగ్గరే నిలబడి, "అన్నా, ఈ పొద్దు గనుల పేటకు ట్యాంకరు రాదన్నా. టైరు పోయింది," అన్నాడు, పరిగెత్తడానికి ఒక కాలు బయటే ఉంచుకుని.

మద్దిలేటి కిటికీలోంచి చాలాసేపు చూశాడు. "టైరు పోతాది, వస్తాది కేశన్నా. మనమే శాశ్వతం కాదు."

కేశన్న రెండో కాలు కూడా లోపల పెట్టాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. టీ కూడా తెప్పించుకున్నాడు. పోతూ పోతూ నాతో, "సల్లని మనిషైపోయినాడప్పా మద్దిలేటన్న. దేవుడు సల్లగా సూడల్ల," అన్నాడు. ఆ రోజు నుంచి ఆయన ట్యాంకర్లన్నిటి టైర్లూ పేట మలుపు దగ్గర పోయేవి, ఫ్యాక్టరీ మలుపు దగ్గర బాగయ్యేవి.

రెండో మదింపులో మద్దిలేటికి ఖాళీ కుర్చీ తర్వాతి స్థానం వచ్చింది.

ఊళ్ళో కుళాయిలు తిప్పితే బుస్సుమని గాలి వచ్చేది. జనం ఆఫీసుకు రావడం మొదలుపెట్టారు. ఎండలో నడిచి వచ్చిన జనం కాబట్టి చెమట వాసన కూడా వెంట వచ్చేది. 'ఆగంతుకుల స్వేదము వలన సంస్థాగత వ్యక్తిత్వము పలచబడుచున్నందున' వారికి కూడా గేటు దగ్గర పిచికారీ చేశాకే లోపలికి పంపాలని ఇంకో ఉత్తర్వు రాశాను. ఒక పెద్దాయన మెడ మీద చల్లగా పడేసరికి, "ఏం సామీ, ఎవరిదన్నా పెండ్లా?" అని అడిగాడు. భోజనాలుంటాయేమోనని చాలాసేపు కూర్చుని పోయాడు.

అసలు గొడవ గనుల పేట ఆడవాళ్ళతో వచ్చింది. వాళ్ళు వరండాలోకి వచ్చి ముక్కులెగబీల్చి ఆగిపోయారు.

"మే, నీళ్ళ వాసన రావట్ల్యా?"

"అవునే, సల్లగా ఏరు మాదిరి. లోపల యాడో దాచిపెట్టినారు మే!"

అంతే. బీరువాలు తెరిచారు. బల్లల కింద వంగారు. కమిషనర్ గారి స్నానాలగదిలోకి పోయి కుళాయి తిప్పారు. దానిలోంచీ బుస్సుమనే వచ్చింది. ఎక్కడా చుక్క నీరు దొరకలేదు. అయినా వాళ్ళకు నమ్మకం పోలేదు. వాసన ఉన్నప్పుడు నీళ్ళు లేకుండా ఎట్లుంటాయి? సాయంత్రం దాకా వెతికి, మళ్ళీ వస్తామని చెప్పి వెళ్ళిపోయారు.

మేమంతా తలలు పట్టుకుంటే మృణ్మయి గారి కళ్ళు మెరిశాయి. "సార్, గమనించారా? నీళ్ళు లేవు. కానీ ఉన్నాయన్న నమ్మకం వాళ్ళలో ఎంత బలంగా కలిగింది! ఇదే మనం ఇళ్ళకు చేర్చవలసింది."

"నీటి అనుభూతి," అన్నారు కమిషనర్ గారు మెల్లగా. ఆ మాట పుట్టిన క్షణంలో నేను అక్కడే ఉన్నాను.

కుళాయిల్లో ఎలాగూ గాలి వస్తోంది. ఆ గాలికే దారుజలం పట్టిస్తే సరిపోతుంది. పంపుహౌసు దగ్గర పైపులో సీసాలు సీసాలు ఒంపించారు. మర్నాడు పొద్దున నాపగుట్టలో ఏ ఇంట్లో కుళాయి తిప్పినా దేవదారు అడవి మీదుగా సముద్రపు గాలి వీచింది. పిల్లలు కుళాయిల కింద మొహాలు పెట్టి ఆడుకున్నారు. కుళాయి కింద పెట్టి వదిలేసిన బిందెలకు వాసన పట్టి, వాటిల్లో పోసిన పాలు తాగితే సబ్బు తిన్నట్టు ఉండేది. ఆ నెల రిపోర్టులో 'పట్టణమందలి గృహములన్నింటికిని నీటి అనుభూతి సరఫరా చేయబడినది' అని రాశాను. పై నుంచి అభినందనలు వచ్చాయి. పొరుగు ఊళ్ళ కమిషనర్లు సీసాల కోసం ఫోన్లు చేశారు.

ఈ అనుభూతి అందుకున్న గృహాల్లో మద్దిలేటిది కూడా ఒకటి. వాళ్ళదీ గనుల పేటే. ఆయన ఇంట్లో కూడా గొంతు పెంచకుండా, కిటికీలోంచి చూస్తూ, పెట్టింది తిని లేచిపోతున్నాడని నాకు తర్వాత తెలిసింది.

ఒకరోజు మధ్యాహ్నం సుంకమ్మ ఆఫీసుకు వచ్చింది. గేటు దగ్గర పిచికారీ చేయించుకుని, చంకలో ఖాళీ బిందెతో నేరుగా మొగుడి బల్ల ముందుకు వచ్చి నిలబడింది. వెనక పేట ఆడవాళ్ళు కొందరు. మద్దిలేటి కిటికీ వైపు చూస్తూనే చెయ్యి చూపించాడు.

"కూర్చోండమ్మా. మీ బాధ నాకు లోతుగా అర్థమవుతా ఉంది."

"నేనయ్యా. సుంకమ్మను."

"ఎవరైనా ఒకటేనమ్మా. నీళ్ళు యాడికీ పోవు. ప్రకృతిలోనే ఉంటాయి. మనమే ఓర్చుకోవల్ల."

మేమంతా రాసేవి ఆపాం. సుంకమ్మ అరుస్తుందనుకున్నాను. అరవలేదు. బిందె బల్ల మీద చప్పుడు కాకుండా పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుంది.

"అరిసేకి రాలేదులేయ్యా. ఒక మాట చెప్పిపోదామని వస్తి. పొద్దున వీధి కొసన ముసల్ది ఎల్లమ్మ నన్ను నిలబెట్టి అడిగింది. 'ఏమ్మే, మీ ఆయన పోయినాడంట గదా, నాకొక్కరూ చెప్పకపోతిరి' అని. ఎవరు చెప్పినారవ్వా అంటే, 'ఒకరు చెప్పేదేంది, పొద్దున్నే ఆయప్ప అరుపు ఇనపడకపోతే పోయినట్లే గదా' అనింది. నా చెయ్యి పట్టుకోని ఏడ్చింది కూడా." సుంకమ్మ బిందెను కొంచెం దగ్గరికి లాక్కుంది. "నేను లేదవ్వా, ఉండాడు అంటి. అంటినే గానీ, నాకూ గట్టిగా చెప్పబుద్ధి కాల్యా."

మద్దిలేటి కిటికీ వైపు నుంచి తల తిప్పాడు. పెళ్ళాన్ని చూశాడు. బిందెను చూశాడు. ఆయన పాత లక్షణాలు మాకు తెలుసు. ముందు చెవులు ఎర్రబడతాయి, తర్వాత మెడ. చెవులు ఎర్రబడ్డాయి.

సరిగ్గా అప్పుడే కేశన్న ట్యాంకరు ఆఫీసు ముందు నుంచి, నీళ్ళు చిందించుకుంటూ, పాలిష్ ఫ్యాక్టరీ వైపు పోతోంది.

"ఒరేయ్!"

ఆ ఒక్క మాటకు ఖాళీ కుర్చీ మీది ప్రశంసాపత్రం ఊడి కిందపడింది. మద్దిలేటి మెట్లు దిగాడో దూకాడో నేను చూడలేదు. చూసేసరికి రోడ్డు మధ్యలో, ట్యాంకరు ముందు, రెండు చేతులూ చాచి నిలబడి ఉన్నాడు. "తిప్పరా బండి! పేటకు తిప్పు! మలుపు కాడ టైరు పోతే నువ్వే టైరై ఉరకల్ల, చెప్తాండా! ఒరే కేశన్నా, బండ్లో దాంకున్నా కనపడ్తావురా! నీ తాత బావి తవ్వి ఊరికి నీళ్ళు పోసినాడంటరా, నువ్వు ఊరిని ఎండబెట్టి రాళ్ళకు స్నానం చేయిస్తాండావా!"

ట్యాంకరు తిరిగింది. ఆయన అక్కడి నుంచే ఫోను తీసి బజారిని లేపాడు. ఆ మాటలు ఇక్కడ రాయను. సాయంత్రానికి ఊరంతా కుళాయిల్లో నీళ్ళు వచ్చాయి. దేవదారు వాసనతో వచ్చాయి గానీ, నీళ్ళే.

గొంతు బొంగురుపోయి, చొక్కా తడిసి ఆయన లోపలికి వస్తే, పేట ఆడవాళ్ళు దారి ఇచ్చారు. సుంకమ్మ ఆయన వైపు చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో తెలియలేదు. కమిషనర్ గారి గదికి మాత్రం లోపలి నుంచి గడియ పడింది.

మర్నాడు మెమో తయారు చేయమన్నారు. చేశాను. 'సదరు ఉద్యోగి కార్యాలయ వేళలయందు, ప్రజల సమక్షమున, తన స్వంత వ్యక్తిత్వమును అనధికారికముగా వినియోగించి యున్నందున, ఏల క్రమశిక్షణా చర్య తీసుకొనరాదో సంజాయిషీ ఇవ్వవలెను.' మద్దిలేటి సంజాయిషీలో ఒకటే ముక్క రాశాడు: 'నీళ్ళొచ్చినాయి.' అది సంజాయిషీ కాదని సస్పెండు చేశారు. నీళ్ళు రావడం మాత్రం దారుజలం రెండో దశ ఫలితమని రిపోర్టులో చేరింది.

ఆయన ఇంటికెళ్ళాక బజారి మళ్ళీ దుప్పటి కప్పుకున్నాడు. కేశన్న టైర్లు మళ్ళీ పోసాగాయి. ఈసారి జనం వరండాలో ఆగలేదు. కమిషనర్ గారి కారు మీద ఖాళీ బిందెలు బోర్లించి పెట్టారు. తలుపులు మూసుకుని కమిషనర్ గారు, మృణ్మయి గారు చాలాసేపు సమాలోచన చేశారు. బయటికి వచ్చేటప్పటికి ఇద్దరి మొహాలూ వికసించి ఉన్నాయి.

"మన విశ్లేషణలో తేలిందేమిటంటే," అన్నారు కమిషనర్ గారు, "నీటి సరఫరాకు అరుపు అవసరమే. అయితే అరుపు మన సిబ్బంది వ్యక్తిత్వానికి విరుద్ధం. కనుక అరుపును బయటి నుంచి తెప్పించుకుంటాం."

అలా 'బాహ్య స్వర సేవలు' అనే కాంట్రాక్టు పోస్టు పుట్టింది. ప్రకటన నేనే రాశాను. స్త్రీ పురుష భేదం లేదు. విద్యార్హతతో పని లేదు. అభ్యర్థికి గొంతు ఉండవలెను. అభ్యర్థి శరీరమందు ఎట్టి పరిమళమును ఉండరాదు.

ఇంటర్వ్యూకు మార్కెట్లో టమాటాలు వేలం పాడే అతను వచ్చాడు, నాటకాల్లో భీముడి వేషం కట్టే అతను వచ్చాడు. పరీక్ష సులువే. బల్ల మీద ఫోను తెరిచి ఉంటుంది, అవతల బజారి ఉంటాడు. అభ్యర్థి అరవాలి, మోటారు తిరగాలి. వేలంపాట విని బజారి ధర ఎంతని అడిగాడు. భీముడి పద్యానికి రెండోసారి పాడమన్నాడు. మోటారు తిరగలేదు.

తర్వాత తలుపు తోసుకుని మద్దిలేటి వచ్చాడు. వెనక సుంకమ్మ.

కమిషనర్ గారు ఇబ్బందిగా కదిలారు. సస్పెండైన ఉద్యోగి దరఖాస్తు చేయకూడదని ప్రకటనలో రాయడం నేను మరిచిపోయాను. మరిచిపోయానో వదిలేశానో ఎవరూ అడగలేదు.

"ముందు వాసన పరీక్ష," అన్నారు మృణ్మయి గారు.

నేను లేచి మద్దిలేటి మెడ దగ్గర ముక్కు పెట్టాను. దేవదారు. వట్టివేళ్ళు. ఏరు. మనిషి లోపలికే ఇంకిపోయింది. లేదని చెప్పబోయాను. ఈలోగా ఆవిడ కూడా వంగి చూశారు.

"అనర్హుడు," అన్నారు కమిషనర్ గారు. "అభ్యర్థి శరీరమందు దారుజలం పరిపూర్ణంగా నెలకొని ఉంది. చొక్కా ఉతుక్కుని రావలసింది."

మద్దిలేటి తల వంచుకున్నాడు. అరవడానికి ఊపిరి పీల్చినవాడు ఆ ఊపిరిని అట్లాగే వదిలేశాడు. అంత పెద్ద గొంతున్న మనిషి అంత చిన్నగా నిలబడటం నేను అంతకు ముందు చూడలేదు.

"ఉతుక్కోని రావల్నా?"

ఆ గొంతు సుంకమ్మది. మొదటిసారి మామూలుగానే అడిగింది. రెండోసారి అడిగినప్పుడు కిటికీ అద్దాలు వణికాయి.

"ఉతుక్కోని రావల్నా! దేంతో ఉతకల్ల సామీ? మీ కుళాయిలో వచ్చే గాలితో ఉతకల్నా? పది దినాలాయె ఇంట్లో గుడ్డ తడిసి! ఆయప్ప ఒళ్ళంతా మీరే ఆ పాడు నీళ్ళు కొట్టి, కడుక్కునేకి చుక్క ఇయ్యకుండా, ఇప్పుడు వాసనొస్తాందని బయటికి తోస్తారా? బజారీ! ఇంటాండావురా? నీకు అన్నం పెట్టిన చెయ్యిరా ఇది! నీ పెండ్లాము ఊరికి పోతే మూడు పూటలా మాయింట్లో తింటివి గదరా! పండుకున్నావా? మోటారు ఎయ్యి!"

ఫోనులోంచి ముందు ఏదో కిందపడిన చప్పుడు, తర్వాత మోటారు తిరిగిన మోత, ఆ పైన బజారి గొంతు వచ్చాయి: "ఏసినా వదినా! ఏసినా!"

సంఘం ఏకగ్రీవంగా సుంకమ్మను ఎంపిక చేసింది. కమిషనర్ గారు చేతులు జోడించి, ఇంతటి స్వరం ప్రభుత్వ సేవకు దొరకడం పట్టణం అదృష్టమన్నారు. ఆమెకు సగం అర్థమై సగం అర్థంకాక, మొగుడి వైపు చూసింది.

మద్దిలేటి సంగతి నేను చూశాను. ఆయనలో దారుజలం పరిపూర్ణంగా నెలకొని ఉందని అదే సంఘం తీర్మానించింది కదా. అలాంటి మనిషి గొంతు పెంచాడన్న అభియోగం నిలవదని ఫైలు పెట్టాను. కమిషనర్ గారు రెండుసార్లు చదివారు, తప్పు దొరకలేదు, సంతకం చేశారు. సస్పెన్షన్ పోయింది. మార్కుల్లో ముందున్నది ఖాళీ కుర్చీ. దానికి ప్రమోషన్ ఇవ్వడానికి నిబంధనలు ఒప్పుకోలేదు. రెండో స్థానంలో ఉన్న మద్దిలేటి మేనేజరయ్యాడు.

ఇప్పుడు నాపగుట్టలో నీళ్ళు వస్తున్నాయి. పొద్దున్నే సుంకమ్మ పంపుహౌసుకు పోయి అరిచి, అక్కడి నుంచి పేట మలుపు దగ్గరికి వచ్చి కేశన్న ట్యాంకర్ల మీద అరిచి, ఇంటికి వస్తుంది. మేనేజరు పెండ్లామని ఎవరూ పిలవడం లేదు. ఊరంతా 'నీళ్ళ సుంకమ్మ' అంటుంది. అది ఆమెకు నచ్చింది. నెలాఖరున ఆమె అరుపులు సంతృప్తికరంగా ఉన్నవని మేనేజరు ధ్రువీకరించాలి. మద్దిలేటి కిటికీలోంచి కాసేపు చూసి, సంతకం పెడతాడు.

మృణ్మయి గారు ఇంకో జిల్లాకు వెళ్ళారు. కమిషనర్ గారికి అవార్డు వచ్చింది.

మొన్న ఆదివారం నేను పని మీద గనుల వైపు వెళ్ళాను. పాడుబడిన నాపరాతి గనిలోంచి ఎవరో తిడుతున్నట్టు వినిపించింది. అంచు దగ్గరికి పోయి చూస్తే అడుగున మద్దిలేటి. ఒక్కడే నిలబడి, చేతులు చాచి, మెడ నరాలు ఉబ్బేలా అరుస్తున్నాడు. గని గోడలు ఒక్కో తిట్టునూ తిరిగి ఆయనకే ఇస్తున్నాయి. నన్ను చూసి ఆగాడు. చొక్కా సర్దుకుని పైకి ఎక్కి వచ్చాడు.

"ఎవరి మీదప్పా అంత కోపం?" అన్నాను.

"ఎవరి మీదా లేదప్పా," అన్నాడు, చెమట తుడుచుకుంటూ. "గొంతు ఉందో లేదో సూసుకుంటాండా."